ఎడమ పెట్టెలో సిపాయి

కొనడానికి వచ్చినవాళ్ళ నోటిని షాపాయన ఎప్పుడూ నమ్మడు. కళ్ళను నమ్ముతాడు. నోరు "ఊరికే చూసి పోదామని వచ్చామండీ" అంటూనే ఉంటుంది, కళ్ళు అప్పటికే వస్తువును ఇంటికి మోసుకుపోయి అలమర పక్కన చోటు కూడా చూసి పెట్టేసి ఉంటాయి. ఇన్నేళ్ళ బేరంలో ఆయన నేర్చుకున్న చదువంతా అదే.

ఆ సోమవారం ఉదయం, పొద్దుటి ట్రిప్పు ముగించుకున్న బస్సు డ్రైవరు, ఆయన కూతురు కంప్యూటర్ల షాపులోకి అడుగుపెట్టగానే ఇద్దరి కళ్ళూ చదివేశాడు. తండ్రి కళ్ళు ధర చీటీల మీద ఉన్నాయి. కూతురి కళ్ళు తిన్నగా కౌంటరు మీదకి వెళ్ళాయి.

కౌంటరు మీద రెండు కంప్యూటర్లు పక్కపక్కన నడుస్తున్నాయి. గుమ్మానికి దగ్గరగా ఉన్న ఎడమ పెట్టెకి 'సింగిల్ కోర్' అని అట్టముక్క, కుడి పెట్టెకి 'డ్యూయల్ కోర్' అని ఇంకో అట్టముక్క. రెండింట్లోనూ ఒకటే యుద్ధం ఆట. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. షాపు మెకానిక్ ఒకసారి ఆడి రికార్డు చేసి పెట్టిన ఆట అది. ఆకుపచ్చ బట్టల సిపాయి ఒకడు వంతెన దాటుతాడు, మెట్లు దిగుతాడు, ఒక ఇనుప తలుపు దగ్గర ఆగుతాడు. ఆగి వెనక్కి చూస్తాడు. ముందుకు తిరిగి, మళ్ళీ వెనక్కి చూస్తాడు. అప్పుడు తలుపు తోసుకుని లోపలికి వెళ్తాడు. లోపల పెద్ద పోరాటం. ఆరు నిమిషాలకి అంతా అయిపోయి మళ్ళీ వంతెన. రెండు పెట్టెల్లోంచీ వచ్చే అడుగుల చప్పుడు ఎంత కలిసిపోయి ఉండేదంటే, కళ్ళు మూసుకుంటే ఒక్క మనిషి నడుస్తున్నట్టే ఉండేది.

"గేములు ఆడుకోవడానికి కంప్యూటర్ కావాలట మా మహారాణికి," అన్నాడు డ్రైవరు. "ఏది మంచిదో మీరే చెప్పండి. నాకు తెలిసిన ఆటల్లా గేరు మార్చడమే."

"ఈ రెంటికీ తేడా ఏంటంకుల్?" అంది కూతురు, తెలిసి పరీక్షించేవాళ్ళు అడిగినట్టు.

"పేరులోనే ఉంది కదమ్మా. ఎడమదాంట్లో పనిచేసేవాడు ఒక్కడు. కుడిదాంట్లో ఇద్దరు."

"ఇద్దరుంటే మంచిదే కదా," అన్నాడు డ్రైవరు.

"మీ బస్సుకి ఇద్దరు డ్రైవర్లని పెడితే తొందరగా వెళ్తుందా అండీ?"

డ్రైవరు పకపకా నవ్వాడు. "తొందరగా గోతిలో పడుతుంది."

"అదీ సంగతి! స్టీరింగు ఒకటే. ఆట కూడా అంతే, ఒక్కడి చేతిలోనే ఉంటుంది. ఇందులో ఉన్నవాడు ఒంటరివాడే కానీ పరుగు మనిషి. ఈ అంకె చూడండి, రెండు పాయింట్ ఎనిమిది. ఆ ఇద్దరిదీ చూడండి, రెండే. పైగా ధర తక్కువ."

"అంకె చూసి మోసపోకు నాన్నా," అంది కూతురు. "పెద్ద పోరాటం వచ్చేసరికి సింగిల్ కోర్‌కి నత్తి వస్తుందని మా కాలేజీలో అందరూ అంటారు. వెనక ఇంకేదైనా నడుస్తుంటే మరీనూ."

"కాలేజీలో అన్నది వినాలా, కళ్ళెదుట ఉన్నది నమ్మాలా?" షాపాయన కుర్చీ లాగి ఇచ్చాడు. "కూర్చో తల్లీ. ఆరే నిమిషాలు. నేను నోరు కూడా ఎత్తను."

ఆ అమ్మాయి కూర్చుని ఆరు నిమిషాలూ రెప్ప వెయ్యకుండా చూసింది. ఇద్దరు సిపాయిలూ ఒక్కసారే ఆగారు, ఒక్కసారే వెనక్కి చూశారు, ఒక్కసారే తలుపు తోశారు. పోరాటంలో ఎడమ సిపాయి ఎక్కడా తడబడలేదు.

"విచిత్రంగా ఉందే," అంది. "రెండూ ఒకేలా ఆడుతున్నాయి."

ఆ మాట కోసమే షాపాయన కాచుకుని ఉంటాడు. పెద్ద డీలరు వదిలించుకోడానికి చూస్తున్న పదకొండు సింగిల్ కోర్ ప్రాసెసర్లను ఆయన ఒక్క మూటగా కొన్నాడు. అందులో పది, ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఈ మాట అన్నాకే అమ్ముడయ్యాయి. డ్రైవరు చెయ్యి జేబు వైపు కదలడం ఆయన చూశాడు. పదకొండోదీ వెళ్ళిపోయినట్టే.

సరిగ్గా అప్పుడే స్టాకు గదిలోంచి బావమరిది ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. స్టాకు గది అతని పెత్తనం. మనిషి మంచివాడే, కానీ ఏ మాట ఎప్పుడనాలో తెలియదు.

"బావా, ఇలా ఒక్క మాట."

"ఇక్కడే చెప్పు. మన దగ్గర దాపరికాలేముంటాయి?" అన్నాడు షాపాయన, డ్రైవరు వినేట్టుగా.

"డ్యూయల్ కోర్ ఒకటి తక్కువుంది. మూడుసార్లు లెక్కపెట్టాను. సింగిల్ కోర్ మాత్రం, కౌంటరు మీదది కాక, ఒకటే మిగలాలి కదా, రెండున్నాయి."

"ఎక్కువొచ్చింది వదిలెయ్. ఎక్కువొస్తే ఎవడూ ఏడవడు. తక్కువొచ్చింది ఏమైంది?"

స్టాకు గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకటి బావమరిది దగ్గర, ఇంకోటి మెకానిక్ దగ్గర. షాపాయన తల తిప్పాడు. వెనక బల్ల దగ్గర మెకానిక్ ఒక ప్రాసెసర్ మీద తెల్లటి పేస్టు పెడుతున్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, మాట తక్కువ. పేస్టు బియ్యపుగింజంత పెట్టి, దాని మీద వేడిని లాగే అల్యూమినియం దిమ్మని నిలువుగా దించి, ఊపిరి బిగబట్టి రెండు పక్కలా ఒకేసారి నొక్కుతాడు.

"ఏమయ్యా, ఇటు రా. డ్యూయల్ ఒకటి ఏమైంది?"

మెకానిక్ వేళ్ళు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. షాపాయనని చూశాడు. డ్రైవర్ని, ఆయన కూతుర్ని చూశాడు. తర్వాత ఒక్క క్షణం కౌంటరు ఎడమ చివరికి చూశాడు. ఆ చివర తర్వాత గుమ్మమే. షాపాయన ఆ చూపుని పట్టుకున్నాడు. పారిపోవాలనుకునేవాడి చూపు. కళ్ళెప్పుడూ దొరికిపోతాయి.

"లెక్క సరిపోతుందండీ," అన్నాడు మెకానిక్. "మీరు ఒకసారి బాగా గుర్తు చేసుకోండి."

"గుర్తు చేసుకోడానికి తీసింది నేనా? జేబులు చూపించు."

"బాబూ, మేం మళ్ళీ వస్తాంలెండి," అన్నాడు డ్రైవరు ఇబ్బందిగా.

"మీరు కూర్చోండి. మన షాపులో ఎంత కచ్చితమో మీరూ చూడాలి."

మెకానిక్ జేబులు ఒక్కొక్కటే తిరగేశాడు. రెండు పెట్టెల మధ్య ఖాళీలో ఎర్ర పిడి స్క్రూడ్రైవరు, పేస్టు ట్యూబు, మడతపెట్టిన చేతిరుమాలు, అరిగిపోయిన పెన్సిలు, ఒక బస్సు టిక్కెట్టు. అంతే. ఆ కాసేపూ ఇద్దరు సిపాయిలూ వాటికి అటొకడు ఇటొకడు మెట్లు దిగుతూనే ఉన్నారు.

"ఎప్పుడో పట్టుకుపోయింది ఇవాళ జేబులో ఎందుకుంటుంది?" అన్నాడు బావమరిది.

"గొడవలెందుకులే," అన్నాడు షాపాయన, పెద్దమనసు చేసినట్టు. "రేపట్నించి రావద్దు."

మెకానిక్ అన్నీ జేబుల్లో వేసుకున్నాడు, స్క్రూడ్రైవరు తప్ప. "ఇది షాపుదండీ," అన్నాడు. గుమ్మం దాటుతూ వెనక్కి చూడలేదు.

డ్రైవరు లేచాడు. "ఆ అబ్బాయి రోజూ నా బస్సులోనే వస్తాడు," అన్నాడు, ఎవరికో సంజాయిషీ చెప్తున్నట్టు. "చివరి స్టాపులో ఎక్కుతాడు. బుధవారం నాకు సెలవు. అప్పుడొస్తాం."

చెయ్యి జేబు దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన బేరం మళ్ళీ రావడం కష్టం. దొంగతో పాటు ఆ బేరం కూడా పోయిందని షాపాయనకి ఆ పూటంతా గుచ్చుకుంటూనే ఉంది.

*

మంగళవారం ఉదయం పెట్టెలు రెండూ బావమరిదే ఆన్ చేశాడు. ఆ పని రోజూ మెకానిక్ చేసేవాడు. షాపు ఊడవడం పూర్తయ్యేలోపు ఒక్కోదాని ముందు కాసేపు కూర్చుని, నాలుగు బటన్లేవో నొక్కి లేచేవాడు. ఏం నొక్కుతున్నావని ఎవరూ అడగలేదు. నడిచే బండిని ఎందుకు నడుస్తున్నావని అడిగేవాడెవడు?

మొదటి గంట మామూలుగానే గడిచింది. కేబుల్ కోసం వచ్చిన ఫొటో స్టూడియో ఆయనకి షాపాయన తీగ కొలిచి ఇస్తున్నాడు. ఏదో తేడాగా అనిపించి చెయ్యి ఆపాడు. ఏమిటో వెంటనే తెలియలేదు. తర్వాత తెలిసింది. అడుగుల చప్పుడు రెండయింది.

ఇన్నాళ్ళూ షాపులో ఒక్కడే నడిచేవాడు. ఇప్పుడు వాడి వెనక ఇంకెవరో నడుస్తున్నారు.

"మీ సిపాయికి మతి పోయినట్టుందండీ," అన్నాడు స్టూడియో ఆయన.

కుడి సిపాయి మెట్ల పక్క గోడకి ముఖం ఆనించి, గోడలోకి నడుస్తున్నాడు. కాళ్ళు కదులుతున్నాయి, మనిషి కదలడం లేదు. ఎడమ సిపాయి వంతెన మధ్యలో ఆగాడు. అక్కడ ఎప్పుడూ ఆగేవాడు కాదు. ఆగి వెనక్కి చూశాడు. ముందుకు తిరిగి, మళ్ళీ వెనక్కి చూశాడు. తర్వాత చెయ్యి చాపి గాలిని తోశాడు. తలుపు లేదు. తోసుకుని లోపలికి వెళ్ళినట్టే రెండడుగులు వేసి, ఎవరూ లేని వంతెన మీద ఎటుపడితే అటు కాల్చడం మొదలుపెట్టాడు. తలుపు దగ్గర చెయ్యవలసినవన్నీ ఒక్కటీ వదలకుండా చేస్తున్నాడు. తలుపు ఒక్కటే లేదు.

స్టూడియో ఆయన మొదట నవ్వాడు. కాసేపటికి నవ్వడం మానేసి, చిల్లర కూడా చూసుకోకుండా వెళ్ళిపోయాడు.

"వాడేదో చేసి పోయాడు బావా," అన్నాడు బావమరిది గొంతు తగ్గించి. "కడుపుమంటతో పోయినవాడు ఊరికే పోతాడా?"

"ఆపి మళ్ళీ పెట్టు."

ఆపి మళ్ళీ పెట్టారు. ఈసారి ఎడమ సిపాయి మెట్ల దాకా సరిగ్గానే వెళ్ళి, మూడో మెట్టు మీద ఆగి రెండుసార్లు వెనక్కి చూశాడు. ఇంకోసారి పెడితే వంతెన ఎక్కకముందే చూశాడు. దారి ప్రతిసారీ వేరు. ఆ వెనక్కి చూడటం మాత్రం ఎక్కడో ఒకచోట వచ్చి తీరేది. ఎవరో పిలిచినట్టు మొదటిసారి సగం తిరిగేవాడు. పిలిచిందెవరో తెలిసిపోయినట్టు రెండోసారి పూర్తిగా తిరిగేవాడు.

మధ్యాహ్నం బావమరిది భోజనానికి వెళ్ళాడు. షాపులో షాపాయన ఒక్కడే ఉన్నాడు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది, ఎదురుగా టైర్ల షాపువాడు గాలి కొడుతున్నాడు. ఎడమ సిపాయి తిరుగుతూ తిరుగుతూ తెర అంచుకి వచ్చేశాడు. అక్కడ ఆగి వెనక్కి చూశాడు. మళ్ళీ చూశాడు. వాడి చూపు తిన్నగా షాపాయన భుజం పక్క నుంచి వెళ్ళింది. తన వెనక ఎవరున్నారా అని షాపాయన తిరిగాడు. ఖాళీ బల్ల ఉంది. దాని మీద ఎర్ర పిడి స్క్రూడ్రైవరు ఉంది.

"ఛీ," అనుకున్నాడు పైకే. "బొమ్మకి భయపడేవాడు కొట్టేం నడుపుతాడు?"

ఆర్పేద్దామనిపించింది. కానీ తెర చీకటిగా ఉన్న కంప్యూటర్ల షాపు, పొయ్యి వెలగని హోటలుతో సమానం. దుమ్ము పడకుండా కప్పే గుడ్డ తెచ్చి ఎడమ తెర మీద వేశాడు. గుడ్డ కింద వెలుగు పచ్చబడుతూ, నల్లబడుతూ ఉంది. సాయంత్రం దాకా ఆ గుడ్డ కింద ఎవరో నడుస్తూనే ఉన్నారు. మధ్యలో ఆగినప్పుడల్లా షాపాయన చేతిలో పని కూడా ఆగింది.

*

బుధవారం డ్రైవరు కూతుర్ని తీసుకుని మాట ప్రకారం వచ్చాడు. వస్తూనే ఆ అమ్మాయి గుడ్డ ఎత్తింది.

"ఇదేంటంకుల్, కప్పి పెట్టారు? జలుబు చేసిందా?"

"నిన్నట్నించీ వీళ్ళకి పిచ్చెక్కిందమ్మా," అన్నాడు షాపాయన నవ్వు తెచ్చుకుని. "ఆ మెకానిక్ పోతూ పోతూ ఏదో చెడగొట్టినట్టున్నాడు."

ఆ అమ్మాయి కుడి తెర వైపు కాసేపు చూసి తేలిగ్గా నవ్వింది. "ఇదా! ఇది అందరికీ తెలిసిన జబ్బే. డ్యూయల్ కోర్ మీద పాత ఆటలకి వస్తుంది."

"అంటే?"

"ఆటకి ప్రతి క్షణం టైమెంతయిందో తెలియాలంకుల్. ఒకసారి ఈ పనివాణ్ణి అడుగుతుంది, ఇంకోసారి ఆ పనివాణ్ణి అడుగుతుంది. ఇద్దరి గడియారాలకీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. మీది రికార్డు చేసిన ఆట కదా. ఏ క్షణానికి ఏ బటన్ నొక్కాలో రాసి పెట్టుకున్నట్టు. టైము తప్పితే ఒక అడుగు తప్పుతుంది. ఒక అడుగు తప్పాక ఇంక అన్నీ తప్పే. తలుపు దగ్గర నొక్కాల్సిన బటన్ గోడ దగ్గర నొక్కుతుంది."

"మరి సోమవారం దాకా బానే ఉంది కదా?" అన్నాడు డ్రైవరు.

"ఆన్ చేసినప్పుడల్లా ఎవరో ఆటని ఒక్క పనివాడికే కట్టేసి ఉంటారు నాన్నా. నాలుగు బటన్లు నొక్కాలి, అంతే. ఆపితే పోతుంది, మర్నాడు మళ్ళీ కట్టాలి."

షాపాయన గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఇంతేనా! రోజూ పొద్దున్నే మెకానిక్ చేసే పని అదన్నమాట. పగా లేదు, పాడూ లేదు. ఈ పిల్ల దగ్గర ఆ నాలుగు బటన్లూ నేర్చుకుంటే సరి. బేరం మళ్ళీ పట్టాలెక్కేట్టుంది.

ఆ అమ్మాయి మాత్రం ఎడమ తెర వైపు తిరిగి భృకుటి ముడిచింది. ఎడమ సిపాయి నేల మీద ఏమీ లేనిచోట చెయ్యి చాపి తోస్తున్నాడు.

"కానీ ఇది సింగిల్ కదంకుల్?"

"అవునమ్మా. అట్ట మీద రాసే ఉంది."

"అయితే దీనికి రాకూడదే. ఒక్కడే ఉన్న ఇంట్లో ఇద్దరి మధ్య తేడా ఎలా వస్తుంది?"

"ఏదో వచ్చింది. మిషన్లన్నాక..."

"ఎలా వస్తుందంకుల్? మూత తీసి చూపించండి."

షాపాయన నవ్వాడు. సరుకు విప్పి చూపించమంటే వెనకాడేవాడు వ్యాపారి కాదు. ఎడమ పెట్టె ఆపేసి, ఎర్ర పిడి స్క్రూడ్రైవరు తీసుకుని పక్క రేకు విప్పాడు. మెకానిక్ చేస్తుంటే వందసార్లు చూశాడు కానీ, చూడటం వేరు. ఫ్యాను తీగ లాగడానికే రెండు నిమిషాలు పట్టింది. అల్యూమినియం దిమ్మ అతుక్కుపోయి రానంది. మెల్లగా అటూ ఇటూ తిప్పితే వచ్చింది. కింద ప్రాసెసర్ మీద తెల్ల పేస్టు పల్చగా, సమంగా, అంచులకి సరిగ్గా ఆగి ఉంది. ఆ చేతి పని అది. గుడ్డతో తుడిచాడు. అక్షరాలు బయటపడ్డాయి.

ఆ అక్షరాలు చదవడం షాపులో ముగ్గురికే వచ్చు. షాపాయనకి, బావమరిదికి, ఆ అమ్మాయికి. ఆమె వంగి చదివింది. తల ఎత్తి షాపాయనని చూసింది.

బావమరిది కాగితం తెచ్చి నంబరు పోల్చాడు. "బావా, ఇదే! పోయిన డ్యూయల్ ఇదే!" అన్నాడు. మరుక్షణం అతని ముఖం వెలిగింది. "చూశావా వాడి తెలివి! ఇందులో దాచి పెట్టాడు, సందు చూసుకుని పట్టుకుపోదామని! ఇక్కడెవరు వెతుకుతారనుకున్నాడు!"

ఎంత మంచి మాట! వెతుక్కోకుండా దొరికింది. అందరికీ సరిపోతుంది. డ్రైవరు అప్పటికే తల ఊపుతున్నాడు. షాపాయన కూడా ఒక్కసారి తల ఊపితే చాలు. దొంగ దొంగగానే ఉంటాడు, సరుకు దొరుకుతుంది, షాపు పరువు పైసా కూడా తగ్గదు. ఇంత లాభం ఇంత చవగ్గా ఆయనకెప్పుడూ రాలేదు.

స్టాకులో ఒక సింగిల్ ఎక్కువుంది. ఎక్కువొస్తే ఎవడూ ఏడవడని తనే అన్నాడు. అది ఇందులోంచి తీసిందే. ఇక్కడిది అక్కడికి వెళ్ళింది, అక్కడిది ఇక్కడికి వచ్చింది. లెక్క సరిపోతుందండీ, అన్నాడు వాడు. బాగా గుర్తు చేసుకోండి, అన్నాడు.

గుర్తుంది. పదకొండు ప్రాసెసర్లూ కొన్న వారం, రెండు పెట్టెలూ మొదటిసారి పక్కపక్కన పెట్టి, చేత్తో ఆడి చూస్తే పోరాటం రాగానే ఎడమది నత్తి నత్తిగా ఆడింది. మర్నాడు తను వెనక బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పాడు: ఎలా చేస్తావో నాకు తెలియదు, సింగిల్ వెనకబడకూడదు. రెండు రోజుల్లో వెనకబడటం మానేసింది. ఎలా చేశావని తను అడగలేదు. తక్కువ ధరకి వచ్చిన సరుకుని ఎక్కడిదని అడగనట్టే అడగలేదు.

కుడి తెర మీద సిపాయి నడుస్తూ నడుస్తూ ఆగాడు. వెనక్కి చూశాడు.

"దాచలేదు," అన్నాడు షాపాయన.

"ఏంటి బావా?"

"వాడు దాచలేదు. సింగిల్ వెనకబడకూడదని నేను చెప్పాను. వాడు వెనకబడకుండా చేశాడు."

ఆ అమ్మాయి అట్టముక్క వైపు చూస్తోంది. డ్రైవరుకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. ఆయన రెండు పెట్టెల మధ్య ఖాళీని చూశాడు. సోమవారం అక్కడే ఒక చేతిరుమాలు, ఒక పెన్సిలు, తన బస్సు టిక్కెట్టు ఉన్నాయి.

"అయితే ఆ అబ్బాయి దొంగ కాదన్నమాట."

"కాదు."

"మరి మా ముందు జేబులు తీయాల్సిందెవరండీ?"

షాపాయన చేతిలో ప్రాసెసర్ పట్టుకుని నిలబడ్డాడు. అది గోరువెచ్చగా ఉంది.

స్టాకులో ఎక్కువొచ్చిన సింగిల్‌ని తెప్పించి, ఆ అమ్మాయి చూస్తుండగానే ఎడమ పెట్టెలో పెట్టాడు. పేస్టు ఎక్కువై అంచుల్లోంచి కారింది. ఆన్ చేశారు. ఎడమ సిపాయి వంతెన దాటాడు, మెట్లు దిగాడు, సరిగ్గా ఇనుప తలుపు దగ్గర ఆగాడు. రెండుసార్లు వెనక్కి చూసి లోపలికి వెళ్ళాడు. పోరాటం మొదలవగానే నత్తి వచ్చింది. చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, ఒక్కసారిగా ఇంకెక్కడో తేలుతున్నాడు.

"ఇదీ అసలు రూపం," అంది ఆ అమ్మాయి మెల్లగా.

"మన దగ్గర కొన్న పది మంది ఇళ్ళలోనూ ఇలాగే ఆడుతుంటుంది," అన్నాడు షాపాయన. "వాళ్ళ ఫోన్ నంబర్లు తీసి పెట్టు."

బావమరిది వినపడనట్టు స్టాకు గదిలోకి వెళ్ళిపోయాడు. డ్రైవరు ఏమీ కొనలేదు. వెళ్తూ వెళ్తూ మాత్రం ఆగాడు.

"రేపు ఏడున్నరకి నా బస్సు మీ వీధి చివర ఆగుతుంది," అన్నాడు. "చివరి స్టాపు దాకా వెళ్తుంది."

*

గురువారం పొద్దున్న, చివరి స్టాపు దగ్గర మూడంతస్తుల భవనంలో, మేడమెట్లు ఎక్కగానే వసారాలో మెకానిక్ నేల మీద కూర్చుని ఎవరిదో ఇస్త్రీ పెట్టె విప్పుతున్నాడు. షాపాయనని చూసి లేచి నిలబడ్డాడు. లోపల్నించి అతని తల్లి వచ్చి స్టూలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి, కొడుకు ముఖం చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

షాపాయన స్క్రూడ్రైవరు తీసి ముందు పెట్టాడు. "డ్యూయల్ దొరికింది," అన్నాడు.

"పోతే కదండీ దొరకడానికి."

"చెప్పొచ్చు కదయ్యా! ఒక్క మాట అంటే సరిపోయేది."

"ఎలా చెప్పనండీ? కుర్చీలో వాళ్ళిద్దరూ ఉన్నారు. చెప్తే షాపు మొత్తం పోతుంది. చెప్పకపోతే నేనొక్కణ్ణే పోతాను. ఏది తక్కువ నష్టమో చూసుకున్నాను. మీ దగ్గర నేర్చుకున్నదే." మెకానిక్ ఇస్త్రీ పెట్టె తీగని వేలికి చుట్టుకుంటూ ఆగాడు. "ఒక్కసారి ఆ పెట్టె వైపు చూశాను. మీరు కళ్ళు చదువుతారు కదా, చదువుతారనుకున్నాను."

షాపాయన నీళ్ళు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు పెదాల దగ్గరే ఉంచుకున్నాడు.

"ఆ ఇద్దరికీ చెప్పాను," అన్నాడు. "మిగతా పది మందికీ చెప్తాను. సోమవారం నించి రా."

"రానండీ." కోపం లేకుండానే అన్నాడు. "మీ మీద కోపంతో కాదు. ఆ పెట్టెలో అబద్ధం పెట్టింది నా చేతులే. పది మంది కొనడం ఈ కళ్ళతోనే చూశాను. రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చోవాలంటే ఒళ్ళు చల్లబడేది. ఇస్త్రీ పెట్టె నయం. వేడెక్కితే వేడెక్కినట్టు, లేకపోతే లేనట్టు."

ఆటని ఒక్క కోర్‌కి కట్టేసే ఆ నాలుగు బటన్లూ మెకానిక్ ఒక కాగితం మీద పెన్సిలుతో రాసిచ్చాడు. షాపాయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచి, మెట్ల దగ్గర ఆగాడు.

"ఒకటి అడుగుతాను. ఆ తలుపు దగ్గర వాడు రెండుసార్లు వెనక్కి ఎందుకు చూస్తాడు? అక్కడ ఎవరూ ఉండరు కదా. నీకు అలవాటా?"

మెకానిక్ తల ఎత్తాడు. "మీకు గుర్తులేదా? ఆ ఆట రికార్డు చేస్తున్నప్పుడే కదండీ మీరు వెనకనించి వచ్చారు. సరిగ్గా తలుపు దగ్గరున్నాను. 'ఏమయ్యా' అని పిలిచారు, మౌసు చేతిలోనే ఉంది, సగం తిరిగాను, నాతో పాటు సిపాయీ తిరిగాడు. మళ్ళీ పిలిచారు, పూర్తిగా తిరిగాను. అప్పుడే చెప్పారు, సింగిల్ వెనకబడకూడదని. రికార్డు ఆపడం మర్చిపోయాను. మళ్ళీ ఆడదామంటే మీరే, ఇదే బాగుంది, జాగ్రత్త గల సిపాయిలా ఉన్నాడు, ఉంచెయ్ అన్నారు."

*

శుక్రవారం షాపు షాపాయనే తెరిచాడు. కాగితం చూసుకుంటూ, ఒక్క వేలితో, కుడి పెట్టెలో ఆటని ఒక్క కోర్‌కి కట్టాడు. ఎడమదానికి ఆ అవసరం లేదు. దానికి ఉన్నదే ఒకటి. అట్టముక్కలు అలాగే ఉన్నాయి. ఇప్పుడవి నిజం. బల్ల మీద పది ఫోన్ నంబర్ల కాగితం ఉంది. మొదటి ఆయనకి చేశాడు, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చెయ్యాలి.

బయట ఇంకా ఎవరూ రాలేదు. రెండు పెట్టెల్లోనూ అడుగులు కలిసి ఒక్క మనిషి అయిపోయాయి. ఆ ఒక్క మనిషి వంతెన దాటాడు. మెట్లు దిగాడు. షాపాయన తనకి తెలియకుండానే ఫోను కింద పెట్టి, తెరల వైపు తిరిగాడు. తను అప్పుడు ఎక్కడ నిలబడ్డాడు? ఇక్కడే, బల్లకి ఇవతల. ఒక చెయ్యి కుర్చీ మీద వేసుకుని.

ఇనుప తలుపు ముందు సిపాయి ఆగాడు. వెనక నుంచి ఎవరో పిలిచినట్టు సగం తిరిగాడు. షాపాయన ఊపిరి బిగబట్టాడు. రోజుకి ఎన్ని ఆరు నిమిషాలు, ఎన్ని రోజులుగా, ఎంత మంది కళ్ళెదుట తన పిలుపు అందుకుని వీడు ఇలా తిరుగుతూ ఉన్నాడో, లెక్కల మనిషికి లెక్క అందలేదు. సిపాయి ముందుకు తిరిగాడు. మళ్ళీ వెనక్కి, ఈసారి పూర్తిగా తిరిగి, తిన్నగా ఆయన ముఖంలోకి చూశాడు.

"ఏం లేదయ్యా," అన్నాడు షాపాయన, ఖాళీ షాపులో, పైకే. "నీ పని నువ్వు చూసుకో."

సిపాయి విన్నట్టు లేదు. తలుపు తోసుకుని, చెప్పిన పని చెయ్యడానికి లోపలికి వెళ్ళాడు.